పెట్టెకి చెప్పాలిట!

నవ్వకండి. నలభై ఏళ్ళుగా చొక్కాలకీ, గౌనులకీ బొత్తాలు కుట్టిన చెయ్యి నాది. ఒక్కటీ వంకర పోలేదు. అలాంటిదాన్ని మొన్న ఒక్క బొత్తాం దగ్గర బోర్లా పడ్డాను. కాకపోతే అది కంప్యూటర్లో కుట్టే బొత్తాం!

కుట్టుపని ఆర్డర్ల కోసం నాకూ ఒక వెబ్ పేజీ ఉంటే బావుంటుందనిపించింది. మా కోడలి ఉద్యోగం ఆ విద్యలోనే. "నేను చేసిపెడతా అత్తయ్యా" అంది. "నేర్పు చాలు" అన్నాను బింకంగా. పేజీలో మాటలు పెట్టడానికి ఒక భాష, వాటిని ముస్తాబు చెయ్యడానికి సీఎస్ఎస్ అని ఇంకో భాషాట. 1994లో హోకన్ వియుమ్ లీ అనే నార్వే ఆయన ప్రతిపాదిస్తే 1996లో ఖాయమైందిట.

అంతా కుదిరింది, "ఆర్డరివ్వండి" అనే బటన్ తప్ప. పెళ్ళిలో ఎరిగినవాళ్ళు లేని చుట్టంలా ఎడమవైపు గోడకి అతుక్కుని కూర్చుంది. టేపుతో కొలిచే అలవాటు కదా, ఎడమపక్క 300 పిక్సెళ్ళు వదిలాను. కంప్యూటర్లో బాగానే ఉంది. మా వారి ఫోన్లో చూస్తే సగం బటన్ తెర బయట! "ఆర్డర్లు కూడా సగమే వస్తాయేమో" అన్నారాయన. బటన్‌కి "టెక్స్ట్ అలైన్ సెంటర్" అని రాశాను. దాని మీది అక్షరాలు ముందే మధ్యలో ఉన్నాయి, బటన్ మాత్రం కదల్లేదు. "మార్జిన్ ఆటో" అన్నాను. ఉలకదు, పలకదు.

రాత్రి పదకొండింటికి ఓటమి ఒప్పుకుని కోడలి దగ్గరికెళ్ళాను. అన్నాల బల్ల మీద, పచ్చడి జాడీ పక్కన లాప్‌టాప్ పెట్టుకుని ఇంకా పని చేసుకుంటోంది.

"బటన్‌కి చెబితే ఏం లాభం అత్తయ్యా? అది కూర్చున్న పెట్టెకి చెప్పాలి" అంది నవ్వుతూ.

ఆ పెట్టెని డివ్ అంటారు. దానికి "డిస్‌ప్లే ఫ్లెక్స్, జస్టిఫై కంటెంట్ సెంటర్" అని రాయగానే, బటన్ బుద్ధిగా నడిమికి వచ్చింది. పైకీ కిందకీ కూడా మధ్యన ఉండాలని "అలైన్ ఐటమ్స్ సెంటర్" చేర్చాను. ఏ మార్పూ లేదు.

"పెట్టె బటనంతే ఉందిగా! ముందు దానికి ఎత్తివ్వండి. చోటుంటేనే కదా మధ్య ఉండేది" అంది. ఎత్తిచ్చాను. బటన్ ఠీవిగా నట్టనడుమ కూర్చుంది.

పడుకున్నాను గానీ నిద్ర పడితేనా? రెండేళ్ళ క్రితం, ముందుగదిలో కిటికీ దగ్గర చిన్న బల్ల వేసుకుంటానని అడిగింది ఆ పిల్ల. అక్కడ నా కుట్టుమిషనుంది. "ఇల్లు చిన్నది, కాస్త సర్దుకోమ్మా" అన్నాను. మా అత్తగారు నాతో అన్న మాటే అది. అప్పుడు గదిలోకెళ్ళి ఏడ్చినదాన్ని, అదే మాట ఎలా అన్నానో మీరే చెప్పండి!

పొద్దున్నే మా వారి సాయంతో మిషను వెనకగదిలోకి జరిపించాను. కాఫీ గ్లాసుతో వచ్చిన కోడలు గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏమిటత్తయ్యా ఇదంతా?"

"ఏం లేదమ్మా, పెట్టెకి చెప్పాను" అన్నాను.