రెండూ మూడూ

సీరియల్ పోర్టులో తొమ్మిది సూదులుంటాయి. రెండోది వినడానికి, మూడోది చెప్పడానికి, అయిదోది ఇద్దరికీ ఉమ్మడి నేల. మిగతావన్నీ మర్యాదలు: 'చెప్పనా?', 'చెప్పు', 'ఆగు'. 1960లో మొదలైన ఈ ఆర్ఎస్-232 పద్ధతి ధాన్యం లారీలు తూచే ధర్మకాంటల దగ్గర ఇంకా బతికే ఉంది.

నేను దీన్ని నేర్చుకున్నది ఎల్లారెడ్డిలో, ఒక డీటీపీ సెంటర్లో. అప్పటికి మాది నిజామాబాద్ జిల్లానే, కామారెడ్డి జిల్లా అయ్యింది 2016లో. పెళ్లికార్డులు, కరపత్రాలు పోతే పోనీ అనుకోవచ్చు. కానీ ఆ పాత విండోస్ 98 మెషీన్లో రిటైరైన తెలుగు సార్ ఒకాయన సేకరించిన బతుకమ్మ పాటలూ, నాట్ల పాటలూ ఉన్నాయి. నిజాంసాగర్ చుట్టుపక్కల ఊళ్లు తిరిగి రాసుకున్నవి. నోటుబుక్కుల్ని చెదలు తినేశాయి. పాడినవాళ్లలో కొందరు అప్పటికే లేరు.

ఫ్లాపీ డ్రైవ్ పని చెయ్యదు. పెన్‌డ్రైవ్ పెడితే డ్రైవర్ అడుగుతుంది. డిస్కు విప్పి కొత్తదాంట్లో పెట్టొచ్చు కదా అంటారు. అది టకటకమని కొట్టుకుంటున్న చప్పుడు విన్నవాళ్లెవరూ దాన్ని కదిలించరు. ఆపితే మళ్లీ లేస్తుందన్న నమ్మకం కూడా లేదు.

హైదరాబాద్ నుంచి కేబుల్ తెప్పించాం. 'రెండు కంప్యూటర్లకే' అని గట్టిగా చెప్పి మరీ. రెండు వైపులా హైపర్ టెర్మినల్ తెరిచి ఎన్ని అక్షరాలు కొట్టినా అవతల ఒక్కటీ పడలేదు.

ఇక్కడ ఊహించుకుంటూ కూర్చుంటే పొద్దుపోతుంది. కేబుల్ ఒక కొస వదిలేసి, ఆ కొసలో రెండు, మూడు రంధ్రాల్ని జెమ్ క్లిప్పు ముక్కతో కలపాలి. చెప్పింది మనకే వినపడాలి. వినపడలేదు. ఫ్లో కంట్రోల్ 'హార్డ్‌వేర్' అని ఉంది, అంటే అవతలివాడు 'చెప్పు' అనేదాకా ఇది నోరు విప్పదు. దాన్ని 'నన్' చేశాక కొట్టిన అక్షరం తెర మీద పడింది. క్లిప్పు తీస్తే ఆగిపోయింది. రెండో కంప్యూటర్‌తోనూ అంతే. పోర్టులు బాగున్నాయి, తీగలు తెగలేదు. మరి తప్పెక్కడ? మూడు మూడుకే, రెండు రెండుకే పోతోంది. నోటికి నోరు, చెవికి చెవి! షాపువాడు ఇచ్చింది మోడెమ్‌కు పెట్టే కేబుల్.

పక్క సందులో టీవీలు బాగుచేసే అన్న ఒక కొస విప్పి, రెండూ మూడూ తారుమారు చేసి టంకం పెట్టిండు. పది నిమిషాల పని. పైసలు తీసుకోలేదు, చాయ్ తాగిండు.

వేగం 9600. అంటే సెకనుకు 960 అక్షరాలు. ఆరు వందల కేబీల ఫైలుకు పది నిమిషాల పైనే. మధ్యలో కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమంటుంటే సార్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"ఏంది బిడ్డా, పాటలు అస్తున్నయా?"

"అస్తున్నయ్ సార్. కూసోండ్రి."

జడ్‌మోడెమ్ తెగిన చోటునుంచే మళ్లీ అందుకుంటుందని తెలుసు గానీ, ఆ డిస్కు అప్పటిదాకా ఉండాలి కదా.

కరెంటు వచ్చింది. ఫైలూ వచ్చింది. పేజ్‌మేకర్‌లో తెరిస్తే పాటలకు బదులు కొమ్ములూ చుక్కలూ తగిలించుకున్న ఇంగ్లీషు అక్షరాలు! సార్ మొహం చూడలేకపోయాను. తీగ తన పని తాను చేసింది, ఒక్క బైటు తప్పలేదు. కానీ అను ఫాంట్లలో తెలుగు ఉండేది ఫైల్లో కాదు, ఫాంటులో. ఆ ఫాంటు కొత్తదాంట్లో లేదు. పాతదాంట్లోంచి అదే తీగ మీద తెచ్చుకున్నాం, నిమిషంలో.

సార్ పాట చదవలేదు. వేలు తెర మీద పెట్టి కిందికి జరుపుకుంటూ పోయి, పాడినామె పేరూ ఊరూ ఉన్న వరస దగ్గర ఆగాడు. కండ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఇగ ప్రింట్ తియ్యి."