చిక్కుపడిన పోగులు

ఆదోని ప్రత్తికిని, ఎమ్మిగనూరు నేతకును పేరుగాంచిన పట్టణములు. 1938లో మాచాని సోమప్ప నెలకొల్పిన చేనేత సహకార సంఘము ఎమ్మిగనూరు నేతగాండ్ర కెందరికో ఆధారమయ్యెను.

ఆ యూర నొక వృద్ధుడు నేయుచుండగా పడుగుపోగొకటి తెగెను. అతడు వెంటనే మగ్గము నాపెను. ప్రక్కనున్న మనుమడు, "ఒక్క పోగే కదా తాతా! ఆపనేల?" అని యడిగెను. "ఒక్కటే యని విడిచినచో అది ప్రక్కపోగులను చుట్టుకొని పదింటిని తెంపునురా! బట్టయు పోవును, కూలియు పోవును" అని తాత పోగును ముడివేసెను.

ఇట్లు తనంతట తాను పెరుగు లోపమును భౌతిక శాస్త్రజ్ఞులు అస్థిరత యందురు. లేజరు కాంతి పుట్టించు ప్లాస్మాలోను అది కలదు.

పరమాణువులనుండి ఎలక్ట్రానులు విడివడిన స్థితియే ప్లాస్మా. సూర్యుడును, ఆకాశమందలి మెరుపును ప్లాస్మాయే. సెకనును పది కోట్ల కోట్ల భాగములు చేసినచో అందొక భాగము ఫెమ్టోసెకను. కొలది పదుల ఫెమ్టోసెకనులు మాత్రమే నిలుచు తీక్ష్ణమైన లేజరు కాంతి సోకినచో లోహమైనను తక్షణమే ప్లాస్మాగా మారును. అట్టి కాంతిని సాధించు ఉపాయమును 1985లో డోనా స్ట్రిక్‌లాండ్, జెరార్ మూరూ కనుగొని, 2018లో నోబెల్ బహుమతి నందిరి.

ఆ తాకిడికి ఎలక్ట్రానుల ప్రవాహము లోనికి దూసికొనిపోవును. దాని కెదురుగా వేరొక ప్రవాహము వెనుకకు వచ్చును. ఒకే దిక్కున పోవు విద్యుత్ప్రవాహములు ఒకదానినొకటి ఆకర్షించును. ఎదురెదురుగా పోవునవి వికర్షించును. కావున ఒకచోట ఎలక్ట్రానులు రవ్వంత హెచ్చుగా చేరినచో, అచటి అయస్కాంత క్షేత్రము బలపడి మరికొన్నింటిని లాగుకొనును. సమముగా సాగవలసిన ప్రవాహము పోగులుగా చీలి చిక్కుపడును.

దీనివలన నష్టమేమి? సూర్యునియందువలె పరమాణు కేంద్రకములను కలిపి శక్తిని పొందుటకు, ఎలక్ట్రాను ప్రవాహముతో ఇంధనమును రగిలించుట యొక మార్గమని శాస్త్రజ్ఞులు తలచిరి. ప్రవాహము దారిలోనే చెదరినచో ఇంధనము రగులదు.

రెప్పపాటులో కోటవ వంతైనను పట్టని ఈ చిక్కును చూచుటెట్లు? ముంబయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థయందు జి. రవీంద్రకుమార్ బృందము మొదటి కాంతి వెంట బలహీనమైన రెండవ కాంతిని పంపి, అది తిరిగివచ్చినపుడు పొందిన మార్పును కొలిచెను. ప్లాస్మాలోని అయస్కాంత క్షేత్రము సుడులు తిరుగుచున్నదని 2012లో ప్రకటించెను. నక్షత్రములలోని అల్లకల్లోలమును ప్రయోగశాలలో పరిశీలించుటకు ఇది దారి చూపెను.

తాత వ్రేలు తెగిన పోగును వెదకినట్లే, ఆ రెండవ కాంతి ప్లాస్మాలోని చిక్కును వెదకినది. లోపము పుట్టు క్షణమును కనిపెట్టగలిగినవారికే దానిని సరిదిద్దు ఆశ కలుగును.