టీవీలో అమ్మమ్మ పేరు పడింది!

సినిమా మొదట్లో పేర్లు పడుతుంటే మనం పాప్‌కార్న్ గొడవలో ఉంటాం గానీ, మా అమ్మమ్మ ఒక్క పేరూ వదిలేది కాదు. తెలుగు తప్ప మరో అక్షరం రాని మనిషి. అలాంటావిడ పేరు 1998 వేసవిలో ఓ సాయంత్రం మా ఇంటి టీవీ తెరమీద పడింది. వేసినవాడు మా మామయ్య. చెరిపేసినవాణ్ణి నేను!

మామయ్య దగ్గర సింక్లెయిర్ స్పెక్ట్రమ్ అనే కంప్యూటరు ఉండేది. 1982లో బ్రిటన్‌లో పుట్టిన సరుకు. ఎవరో స్నేహితుడు లండన్ నించి తెచ్చిచ్చాడట. మీ చేతిలో ఉన్న వారపత్రిక కన్నా చిన్నది. మీటలు పెన్సిలు చెరిపే రబ్బరు ముక్కల్లా ఉండేవి. సొంత తెర లేదు, టీవీకి తగిలించాల్సిందే. జ్ఞాపకశక్తి 48 కె. మీ ఫోనులో తీసుకునే ఒక్క సెల్ఫీ కూడా అందులో పట్టదు. కరెంటు పోయిందా, ఉన్నదంతా గోవిందా! మా ఊళ్ళో కరెంటు సంగతి వేరే చెప్పాలా?

ఆటలు పాటల కాసెట్లలాంటి కాసెట్లలోనే వచ్చేవి. టూ ఇన్ వన్‌కి వైరు పెట్టి ప్లే నొక్కితే తెర అంచుల్లో నీలం, పసుపు చారలు. ఐదు నిమిషాలు ఊపిరి బిగబట్టి కూచుంటే ఆఖర్లో ‘టేప్ లోడింగ్ ఎర్రర్’! మళ్ళీ రివైండు. ఇక రంగుల సంగతా... ఎనిమిది చుక్కల గడిలో రెండే రంగులు పట్టేవి. అందుకని చెట్టు పక్కకి రాగానే తెల్లచొక్కా హీరో ఆకుపచ్చగా మారిపోయేవాడు. (డ్యూయెట్లలో మన హీరోలు ఇంకా వేగంగా మారుస్తారనుకోండి!)

దానికి ఇంగ్లీషు అక్షరాలే తెలుసు. అయితే ఇరవయ్యొక్క గుర్తుల్ని మాత్రం మనకి కావలసినట్టు గీసుకోవచ్చు. మామయ్య గ్రాఫు కాగితం మీద ఎనిమిదికి ఎనిమిది గడులు గీసి, నింపిన గడులకి లెక్క కట్టి, గుర్తుకి ఎనిమిది అంకెల చొప్పున టైపు చేశాడు. మన గుడులూ వత్తులూ ఆ బుల్లి గడిలో ఇముడుతాయా? ఒక్కో అక్షరానికి మూడు నాలుగు గుర్తులు ఖర్చు. యాభై ఆరు అక్షరాల భాషకి అవేం చాలతాయి? అమ్మమ్మ పేరుకి సరిపోయాయి.

పేరు పడగానే ఆవిడ కుర్చీలోంచి లేచి నించుంది. కొంగు సర్దుకుంది.

“ఏరా, ఇది అందరిళ్ళలోనూ కనబడుతోందా?”

“లేదమ్మా, మనింట్లోనే.”

“చాల్లే” అంది, కూచోకుండానే.

ఆ ప్రోగ్రాంని కాసెట్లో దాచి, దానిమీద ఎవరూ రికార్డు చెయ్యకుండా వెనకుండే ప్లాస్టిక్ ముక్క విరగ్గొట్టాడు మామయ్య. దసరా సెలవుల్లో రేడియోలో ‘తొలిప్రేమ’ పాటలు. నాకు తొమ్మిదేళ్ళు. ఖాళీ కాసెట్టు లేదు. ఆ చిల్లులో కాగితం ముక్క కుక్కి రికార్డు నొక్కేశాను.

దీపావళికి అమ్మమ్మ మళ్ళీ చూపించమంది. చారలు పిచ్చిగా ఊగుతున్నాయే గానీ పేరు రాదు. వైరు పీకి వింటే, పాట! నేను పెరట్లోకి జారుకున్నాను. గ్రాఫు కాగితాలు అప్పటికే ఏ సామాన్లలోనో కలిసిపోయాయి. “సంక్రాంతికి మళ్ళీ చేస్తాలే అమ్మా” అన్నాడు మామయ్య. సంక్రాంతి దాకా ఆవిడ లేదు.

బి.ఏ. అయ్యాక ఇలా పత్రికలకి రాస్తూ బతుకుతున్నాను. ఇప్పుడు ఫోనులో ఆవిడ పేరు క్షణంలో కొడతాను. కొట్టి, చెరిపేస్తాను. మొన్న సంక్రాంతికి మామయ్య ముందు నేరం ఒప్పుకున్నాను. ఆయన అరిసె కొరుకుతూ, “తెలుసురా. ఆ చిల్లులో కాగితం నీ లెక్కల నోటుబుక్కుదేగా!” అన్నాడు. ఇంకో అరిసె తీసి నా పళ్ళెంలో వేశాడు.