పట్టుకోవాలి, లాగకూడదు

మా ఇంట్లో టేబుల్ సా ఉందని చెప్తే హాస్టల్లో సగం మంది "అదేంటి?" అంటారు. ఇనప బల్ల మధ్యలోంచి గుండ్రటి రంపపు బ్లేడు కొంచెం పైకి వచ్చి తిరుగుతుంటుంది. చెక్కని మనమే దాని మీదకి నెట్టాలి. మాది 10 అంగుళాల బ్లేడు, నిమిషానికి 4,000 చుట్లు. ఒకసారి ఖాళీగా ఉన్నప్పుడు లెక్కేశాను. అంచున ఉన్న పళ్ల వేగం గంటకి సుమారు 190 కిలోమీటర్లు వచ్చింది. మన హైవే మీద ఏ బస్సూ అంత స్పీడుగా వెళ్లదు.

నాన్న వడ్రంగి. ఇంటి పక్కనున్న రేకుల షెడ్డే ఆయన వర్క్‌షాప్. కిచెన్ కబోర్డులు, తలుపులు, మంచాలు చేస్తారు. ఆయన ఎడమచేతి చూపుడువేలికి పై కణుపు లేదు. నేను పుట్టకముందు, వేరేవాళ్ల దగ్గర పనిచేసేటప్పటి సంగతి. ఎలా పోయిందని ఎప్పుడడిగినా "మిషన్ తినేసింది" అని ఒక్క మాటలో తేల్చేస్తారు.

ఈ మిషన్‌తో అసలు చిక్కు చెక్క బ్లేడు దాటాక మొదలవుతుంది. 8 అడుగుల ప్లైవుడ్ షీటు సగం పైగా అవతలికి వెళ్లాక బరువంతా అటే. మా మిషన్‌కి బ్లేడు వెనక ఉన్న బల్ల జానెడు. అటు చివర కిందకి వాలితే ఇటు చివర పైకి లేస్తుంది. దాన్ని అదిమి పట్టాలని మనిషి తెలియకుండానే బ్లేడు మీదకి వంగుతాడు. ఆ గడబిడలో చెక్క కాస్త మెలి తిరిగినా చాలు, బ్లేడు వెనక పళ్లు దాన్ని పట్టేసి, కోసేవాడి పొట్ట మీదకే విసిరేస్తాయి. దీన్నే కిక్‌బ్యాక్ అంటారు. అందుకని అటువైపు ఇంకో మనిషి ఉండాలి.

ఏడో క్లాసు నుంచి ఆ ఇంకో మనిషిని నేనే. నాన్న పెట్టిన రూలు ఒక్కటే: "పట్టుకోవాలమ్మా, లాగకూడదు." సాయం చేద్దామని లాగితే చెక్క వంకరపోతుంది, ప్రమాదం అవతలున్న ఆయనకి. అరచేతులు వెల్లకిలా పెట్టి, చెక్క వాటి మీద జారేలా చూస్తే చాలు. ఎటు పోవాలో, ఎంత స్పీడుగా పోవాలో నెట్టే మనిషికి తెలుసు.

నేను ఇంజనీరింగ్‌లో చేరి హాస్టల్‌కి వచ్చేశాక ఆ చోట అమ్మ నిలబడుతోందని సంక్రాంతి సెలవులకి వెళ్తే గానీ తెలియలేదు. అమ్మకి భుజం నొప్పి, చెయ్యి చెవి దాకా కూడా లేవదు. పైగా ఆ చప్పుడుకి కళ్లు మూసుకుంటుంది. షీటు బరువు 30 కిలోలకి తక్కువుండదు. ఒక కొసన తొమ్మిది వేళ్లతో నాన్న, ఇంకో కొసన కళ్లు మూసుకుని అమ్మ. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు "మిషన్ వెనక ఔట్‌ఫీడ్ టేబుల్ పెడదాం నాన్నా" అన్నాను. అదేంటో ఫోన్లో చూపించాను. "ఓ, ఆసరా బల్లా!" అన్నారు. ఇంగ్లీష్ మీడియంలో చదివిన నాకు ఆ మాట తట్టనే లేదు. "మంచిదే. మరి బండి ఎక్కడ పెట్టను?" అన్నారు. నిజమే, రాత్రయితే ఆ జాగాలోనే బండి పెడతారు. అంటే బల్ల మడవాలి.

మడిచినప్పుడు బల్ల మిషన్ వెనక కిందకి వేలాడాలి. మిషన్ ఎత్తు 34 అంగుళాలు కాబట్టి బల్ల పొడవు అంతకి తక్కువే ఉండాలి. 30 దగ్గర ఆగాం. అక్కడే కాళ్ల సమస్య వచ్చింది. బల్లని నిలబెట్టే కాళ్లు దాదాపు 32 అంగుళాలు ఉండాలి, 30 అంగుళాల బల్ల కింద అవి నిలువుగా మడిస్తే పట్టవు. నేను కాగితం మీద గీతలు గీస్తూ కూర్చున్నాను. నాన్న టీ తాగుతూ "అడ్డంగా మడువు" అన్నారు. బల్ల వెడల్పు 40 అంగుళాలు. కుడికాలు ఎడమవైపుకి, ఎడమకాలు కుడివైపుకి. ఒకదాని బందు కింద చిన్న చెక్కముక్క ఎత్తు పెడితే రెండోది దాని మీదకి వస్తుంది, చిన్నపిల్లలు చేతులు కట్టుకున్నట్టు.

కిచెన్ పనిలో మిగిలిన 12 ఎంఎం ప్లైవుడ్, కింద రీపర్ల ఫ్రేమ్. కొన్నవి బందులు, బోల్టులే. మిషన్ మీద ఉండే రెండు గాడుల్ని ఈ బల్ల మీద కూడా కొనసాగించాం, లేకపోతే వాటిలో జారే గేజి మధ్యలోనే ఆగిపోతుంది. ఇక ఎత్తు. బల్ల మిషన్ కంటే వెంట్రుకవాసి ఎత్తున్నా వచ్చే చెక్క దానికి తగిలి ఆగిపోతుంది, అదీ ప్రమాదమే. అందుకే కావాలనే కొంచెం దించాలి. ఎంత? నాన్న కొలతలేవీ చూడలేదు. మిషన్ మీద నుంచి బల్ల మీదకి ఇనప స్కేలు అడ్డంగా పెట్టి, దాని కింద రూపాయి బిళ్ల దూరేంత సందు ఉంచారు. షెడ్డు నేల వాకిలి వైపు వాలుగా ఉంటుంది. దానికోసం కాళ్ల అడుగున బోల్టులు పెట్టాం, తిప్పితే పైకీ కిందకీ జరుగుతాయి. మనం క్లాసులో చదివే లోడ్ బ్యాలెన్సింగ్‌లో లోడ్ ఎప్పుడూ ఇలా చేతికి తగల్లేదు.

మూడు రోజులు పట్టింది. మొదటి షీటు కోస్తుంటే అలవాటుగా వెళ్లి అటువైపు చేతులు చాపి నిలబడ్డాను. చెక్క నా చేతుల దాకా రానేలేదు. బల్ల మీదకి జారి, తెగి, రెండు ముక్కలూ అక్కడే ఉండిపోయాయి. నాన్న స్విచ్ ఆపి, బ్లేడు పూర్తిగా ఆగేదాకా చూసి, "ఇక నువ్వు రాకపోయినా పనాగదులే" అన్నారు. నవ్వుతూనే అన్నారు. నేను కోరుకున్నదీ అదే. అయినా గొంతులో ఏదో అడ్డం పడింది. చేతులు దించి ముక్కలు పక్కన పెట్టాను.

ఇప్పుడు సాయంత్రాలు ఇంటికి ఫోన్ చేస్తే ఒక్కోసారి వెనకాల రంపం చప్పుడు వినిపిస్తుంది, దూరంగా. ఫోన్ ఎత్తేది అమ్మే. పోపు చిటపటలు మాత్రం దగ్గరగా వినిపిస్తాయి.