చెరువులో కాపురం

చెన్నై త్యాగరాయనగర్‌లో మా ఇల్లు. 1920లలో మాంబళం పెద్ద చెరువు నీళ్లు తీసేసి ఆ నేలమీద వేసిన పేట ఇది. పేటకు పిట్టి త్యాగరాయ శెట్టిగారి పేరు, పార్కుకు పానగల్ రాజావారి పేరు. ఇద్దరూ తెలుగువారేనని మనవాళ్లకు కాస్త గర్వం. చెరువు సంగతి మాత్రం ఎవరూ తలవరు. వానలే గుర్తు చేస్తాయి.

2021 నవంబరులో మోకాలిలోతు నీళ్లు నడవలోకి వచ్చాయి. మామగారు కట్టించిన నాడు మా గడప వీధికి మూడు మెట్లు పైన ఉండేది. పాత తారు తియ్యకుండా దానిమీదే కొత్త రోడ్డు వేస్తూ పోయారు. ఇప్పుడు రెండు మెట్లు దిగి ఇంట్లోకి రావాలి. సంపులో మురుగు కలిసింది. మావారు మోటారు తెచ్చారు. తోడి ఎక్కడ పొయ్యాలి? వీధిలోకి వదిలితే ఎదురింటి పాట్టి వంటింట్లోకే పోతుంది. వద్దన్నాను. ఆయన విసుక్కున్నారు. రెండు రోజులు మంచాలమీదే గడిపాం.

2003 నుంచి తమిళనాట ఇంటింటా వాననీటి గుంత తప్పనిసరి. మాదీ మామూలు వానను బాగానే తాగుతుంది. నేల నిండిపోయాక అదేం చేస్తుంది!

జాకీలు పెట్టి ఇల్లు మూడడుగులు లేపుతానంటున్నాడు మేస్త్రీ. మావారు లెక్కలు వేస్తున్నారు. వీధిలో ఇక పల్లం పాట్టిదొక్కటే అవుతుంది. ఆవిడకింకా చెప్పలేదు.