ఫోటోలో ఉన్నవి అంకెలే

మా ఇళ్ళలో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్ళం మేమే. ఇప్పుడు పీజీలో కంప్యూటర్స్ చదువుతున్నాం. కంప్యూటర్‌లో దాచిన ఫోటో అంటే వట్టి అంకెలేనని ఇంట్లో చెబితే "అంకెల్లో మనిషి ఎట్లా ఉంటాడ్రా?" అని నవ్వారు. న్యాయమైన ప్రశ్నే. తమ్ముళ్ళూ, మీకోసం కాస్త వివరంగా రాస్తున్నాం.

కంప్యూటర్ ఫోటోను సన్నని గళ్ళుగా విడగొడుతుంది. ఒక్కో గడి పేరు పిక్సెల్. అందులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంత ఉన్నాయో చెప్పే మూడు అంకెలు, ఒక్కొక్కటి 0 నుంచి 255 లోపు. తెర మీద వెలిగేవీ ఆ మూడు రంగులే. నమ్మకం లేకపోతే తెల్లగా వెలుగుతున్న ఫోన్ తెర మీద చిన్న నీటిచుక్క వేసి చూడండి. వార్డెన్ సార్ ఫోన్ మీద మాత్రం వద్దు!

1957లో అమెరికాలో రసెల్ కిర్ష్ అనే ఇంజనీరు మొదటిసారి ఒక ఫోటోను స్కాన్ చేసి కంప్యూటర్‌కు ఎక్కించాడు. అది ఆయన మూడు నెలల కొడుకు ఫోటో. అడ్డం 176, నిలువు 176 గళ్ళు, అంతే. ఏ మంత్రి బొమ్మో కాకుండా ఇంట్లో పసివాడి బొమ్మ కావడం మాకు భలే నచ్చింది.

1600 అడ్డం, 1200 నిలువు గళ్ళున్న ఫోటోకు 57,60,000 అంకెలు కావాలి. అంత బరువు తగ్గించేదే జేపెగ్. 1992లో ప్రమాణంగా వచ్చిన ఈ పద్ధతికి మూలమైన లెక్క బెంగుళూరులో పుట్టిన నసీర్ అహ్మద్‌ది. 1972లో ఆ పరిశోధనకు డబ్బు అడిగితే ఇవ్వలేదట. ఆయన పని ఆపలేదు. 1974లో టి. నటరాజన్, కె.ఆర్. రావులతో కలిసి ప్రచురించారు. జేపెగ్ ఫోటోను 8×8 గళ్ళ ముక్కలుగా తీసుకుని, మన కంటికి అంతగా ఆనని సన్నని వివరాలను వదిలేస్తుంది. వదిలేసింది మళ్ళీ రాదు.

రాదు అంటే ఏమిటో మాలో ఒకడికి తెలుసు. వాళ్ళ నాన్నకు ఉన్నది ఒక్కటే ఫోటో. ఆయన పోయాక ఏదో దరఖాస్తు కోసం ఒక నెట్ సెంటర్‌లో స్కాన్ చేసి, 30 కేబీకి కుదించి, ఆ చిన్నదే సీడీలో ఇచ్చారు. కాగితం ఫోటో వానకు తడిసి పోయింది. తర్వాత పటం కట్టించాలని పెద్దది చేయిస్తే ముఖమంతా గళ్ళు గళ్ళు. గడ్డం మీది పుట్టుమచ్చ లేదు. ఈమధ్య కొత్త సాఫ్ట్‌వేర్‌తో నున్నగా చేయించాడు. అది ఊహించి గీసిన ముఖం. వాళ్ళమ్మ చూసి "ఈయన మీ నాయన కాదు" అని పక్కన పెట్టేసింది.

బ్యాంకు ఉద్యోగాల దరఖాస్తుల్లో 200×230 గళ్ళ ఫోటో, 50 కేబీ లోపు అడుగుతుంటారు. పైన చెప్పిన 1600×1200 ఫోటోతో పోలిస్తే దాదాపు నలభై రెండు గళ్ళకు ఒక్క గడి. అడిగేవాళ్ళను తప్పు పట్టలేం, లక్షల ఫోటోలు దాచుకోవాలి. మీరు మాత్రం ముందు కాపీ తీసి, ఆ కాపీని కుదించండి. అసలు ఫైలును ముట్టుకోవద్దు. ఇంట్లో అమ్మానాన్నల పాత ఫోటోలుంటే సెలవుల్లో పెద్ద సైజులో స్కాన్ చేయించి రెండు చోట్ల పెట్టుకోండి.

ఈ వార్షికోత్సవం గ్రూప్ ఫోటో పూర్తి సైజులో మా దగ్గర ఉంది. కావలసిన అన్నలు, తమ్ముళ్ళు పెన్ డ్రైవ్ తెచ్చుకోండి. వాట్సాప్‌లోనే కావాలంటే డాక్యుమెంట్‌గా పంపుతాం, మామూలు ఫోటోగా పంపం.