అరకు దాటిన తరువాత

డిసెంబరులో అరకు పోయేవారంతా వలిసె పూలు చూడడానికే పోతారు. నేనూ అందుకేనని ఇంట్లో చెప్పాను. అది సగం నిజం.

విశాఖపట్నంలో కిరండూల్ బండి ఎక్కి కిటికీ పక్కన చోటు సంపాదించాను. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు ఒకటే కేకలు. బొర్రాలో సగం బండి ఖాళీ అయింది. అలా దిగినవారిలో పక్కనున్న నిమ్మలపాడు పేరు విన్నవారు ఎందరో! అక్కడ గనుల కౌళ్ళ మీద 'సమత' సంస్థ కోర్టుకెక్కి, హైకోర్టులో ఓడి, 1997 జూలై 11న సుప్రీంకోర్టులో నెగ్గింది. షెడ్యూలు ప్రాంతంలో సర్కారు భూమి అయినా సరే, ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం ఇవ్వరాదన్నారు.

అరకులో వలిసె పూలు అప్పటికే వాడుముఖం పట్టాయి. నేను దిగలేదు. కొరాపుట్‌లో మరో బండి పట్టుకొని టికిరి చేరి, తలదాచుకొని, మర్నాడు జీపులో కాశీపురం వైపు మైకంచ్ వెళ్ళాను.

చిన్న ఊరు. చుట్టూ కొండలు. బాఫ్లిమాలి కొండలోని బాక్సైటు కోసం ఉత్కళ్ అల్యూమినా కంపెనీ వచ్చినప్పుడు, కొండ ఇవ్వమని ఈ ఊళ్ళవాళ్ళు ఏళ్ళ తరబడి సభలు పెట్టారు, ఊరేగింపులు తీశారు. 2000 డిసెంబరు 15న కంపెనీని సమర్థించే నాయకులు రాబోతే దారిలో అడ్డుకున్నారు. మర్నాడు పోలీసులు వచ్చారు. కాల్పుల్లో ముగ్గురు ఆదివాసులు చనిపోయారు. న్యాయమూర్తి పి.కె. మిశ్రా కమిషన్ విచారణ జరిపింది.

ఎక్కడి నార్వే! భాగస్వామి అయిన తమ దేశపు నార్స్క్ హైడ్రోను అక్కడి ప్రజాసంఘాలు నిలదీశాయి. ఆ కంపెనీ 2001లో తప్పుకుంది. ఇటు మన సమత తీర్పును చూపించి కాశీపురం వాళ్ళూ అడిగారు. అది తమ రాష్ట్రానికి వర్తించదంది ఒడిశా ప్రభుత్వం. కొండలకు సరిహద్దు తెలియదు గాని కాగితాలకు బాగా తెలుసు. 2013 నుంచి దొరగుడ కర్మాగారం నడుస్తోంది. బాఫ్లిమాలి మట్టి బెల్టు మీద అక్కడికి పోతోంది.

టీ కొట్టు ముసలాయన రాయగడ సంతల్లో నేర్చిన తెలుగులో అడిగాడు:

"మీ వైపు కొండ ఉందా బాబూ?"

జెర్రిల అడవిలో బాక్సైటు తవ్వకానికి 2015లో ఇచ్చిన జీవో, గిరిజనుల ఆందోళనల తరువాత 2019లో రద్దయిన సంగతి నాకు వచ్చినంతలో చెప్పాను. పూర్తిగా అర్థమైందో లేదో.

"అయితే ఉంది," అన్నాడు.

రెండో గ్లాసు టీ పోశాడు. దానికి డబ్బులు పుచ్చుకోలేదు.